తలుపు తట్టేవారిని ఎవరు నిర్ణయించాలి?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న ఈ మూడు పురపాలక పట్టణాల్లో 2019 నుంచి గడప దగ్గరకు వచ్చే ప్రభుత్వ మనిషి మారుతూనే ఉన్నాడు. మొదట వలంటీరు వచ్చాడు. అతని స్థానంలో సచివాలయ ఉద్యోగి వచ్చాడు. ఇప్పుడు ఆ ఉద్యోగికి తోడు చేతిలోని ఫోన్లో వాట్సాప్ కూడా ఉంది. మంచం పట్టిన ముసలివారికి, ఒంటరి ఆడవారికి, దివ్యాంగులకు ఇది చిన్న మార్పేమీ కాదు. ఒకటో తారీఖున పింఛను తెచ్చేదెవరు, రేషన్ కార్డులో పేరు తప్పుపడితే చెప్పుకునేదెవరికి, జ్వరమొస్తే ఏఎన్ఎంకు కబురు చేసేదెవరు అన్నవన్నీ దీని మీదే ఆధారపడి ఉన్నాయి.

అయినా ఈ మార్పుల్లో ఒక్కదాన్నీ ఆ పట్టణాల కౌన్సిళ్లు నిర్ణయించలేదు. వ్యవస్థను పెట్టిందీ, ఆపిందీ, తిరిగి సర్దిందీ రాష్ట్ర ప్రభుత్వమే. మధ్యలో ఒకసారి నిలిపింది కేంద్ర ఎన్నికల సంఘం. వలంటీర్లు మంచివారా చెడ్డవారా అన్న వాదన మన రాష్ట్రంలో చాలా జరిగింది. అందులో మరుగునపడిన అసలు ప్రశ్న వేరే ఉంది: వార్డులో తిరిగే మనిషి వార్డుకు జవాబుదారీ కాకపోతే ఏమవుతుంది? గడచిన ఆరేడేళ్లను ఆ ప్రశ్న వైపు నుంచి చూడటమే ఈ వ్యాసం పని.

వలంటీరుకు ముందు

ఇంటింటికీ తిరిగే సేవ ఈ ప్రాంతానికి 2019లో కొత్తగా వచ్చింది కాదు. మదనపల్లె పక్కనున్న ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రికి ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల నుంచీ చరిత్ర ఉంది. అక్కడ పనిచేసిన డేనిష్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ బృందం 1950-55 మధ్య మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో జనమంతటినీ పరీక్షిస్తూ క్షయపై అధ్యయనం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన ఆ అధ్యయనం క్షయ పరిశోధనలో పేరున్నది. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా కూర్చోకుండా మనమే ఊళ్లోకి వెళ్లాలన్న ఆలోచనకు ఈ నేల మీద అప్పుడే పునాది పడింది.

పట్టణాల విషయానికొస్తే, హైదరాబాదులో 1967లో మొదలైన అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్ ప్రాజెక్టు బస్తీల్లో తిరిగి జనాన్ని కూడగట్టే కార్యకర్తలను తెచ్చింది. 1975లో అంగన్‌వాడీ వచ్చింది. 2005 తర్వాత ఆశా కార్యకర్తలు వచ్చారు. 2007లో ఏర్పడిన పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా కింద స్వయం సహాయక సంఘాల లెక్కలు చూసే రిసోర్స్ పర్సన్లు వచ్చారు. కాబట్టి వలంటీరు వచ్చేనాటికే వార్డులో నలుగురైదుగురు తిరుగుతున్నారు. ఒక్కొక్కరిది ఒక్కో శాఖ, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రిజిస్టరు. ఈ ఇంట్లో మొత్తంగా ఏం కావాలన్న చూపు మాత్రం వీరిలో ఎవరికీ అప్పగించిన పని కాదు. వలంటీరు వ్యవస్థ పూడ్చాలనుకున్న ఖాళీ అదే.

2019: పెట్టిన తీరు

2019 ఆగస్టు 15న వై.ఎస్. జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం వలంటీర్లను ప్రారంభించింది. పల్లెల్లో 50 ఇళ్లకొకరు, పట్టణాల్లో 50 నుంచి 100 ఇళ్లకొకరు. నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం. రాష్ట్రమంతటా సుమారు 2.6 లక్షల మంది. గౌరవ వేతనం ఒక్కటే లెక్కేసినా ఏడాదికి సుమారు 1,560 కోట్లు. అదే ఏడాది అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. మొత్తం 15,004 సచివాలయాల్లో 3,842 పట్టణాలవి. సగటున 4,000 జనాభాకు ఒక వార్డు సచివాలయం. పరిపాలన, సంక్షేమం, పారిశుద్ధ్యం, ప్లానింగ్, ఆరోగ్యం, మహిళా సంరక్షణ ఇలా పనికొకరు చొప్పున కార్యదర్శులను పరీక్ష పెట్టి తీసుకున్నారు.

ఇక్కడ తారీఖులు కాస్త గమనించాలి. 2014లో ఎన్నికైన పురపాలక కౌన్సిళ్ల గడువు 2019 జులై మొదట్లో తీరిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. అంటే వలంటీర్లను ఎంపిక చేసినప్పుడు, సచివాలయాల హద్దులు గీసినప్పుడు, ఉద్యోగులకు పనులు పంచినప్పుడు మదనపల్లెలోనూ పుంగనూరులోనూ ఎన్నికైన కౌన్సిల్ లేదు. ప్రత్యేకాధికారుల పాలన నడుస్తోంది. కుప్పంలోనైతే పంచాయతీ పోయి పురపాలక సంఘం వచ్చాక తొలి కౌన్సిల్ ఎన్నిక 2021 నవంబరులోగాని జరగలేదు. కౌన్సిలర్లు గెలిచి కుర్చీల్లో కూర్చునేసరికి వార్డులో ప్రతి ఇంటి వివరం తెలిసిన మనిషి అప్పటికే స్థిరపడి ఉన్నాడు. అతన్ని నియమించింది కౌన్సిలర్ కాదు, తీసేసే అధికారమూ కౌన్సిలర్‌కు లేదు. జనం కూడా తమ పనికి ఎవరి దగ్గరకు వెళ్లాలో తొందరగానే నేర్చుకున్నారు.

మేలు, అనుమానం

జరిగిన మేలును ఎవరూ కాదనలేరు. 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే వచ్చింది. అంతకుముందు ముసలివారు పింఛను కోసం వేలిముద్ర పడే చోటికి తామే వెళ్లి వరుసలో నిలబడేవారు. కరోనా కాలంలో ఇంటింటి జ్వర సర్వేలు ఒకటి కాదు, పలుమార్లు జరిగాయి. వాటిలో వలంటీర్లు, ఆశాలు, ఏఎన్ఎంలు కలిసి తిరిగారు. బెంగళూరుకు రైలెక్కి పనికి పోయేవారు ఎక్కువగా ఉండే కుప్పంలోనూ, పిల్లలు బెంగళూరులోనో గల్ఫ్‌లోనో ఉండి అవ్వాతాతలు మాత్రమే మిగిలిన మదనపల్లె ఇళ్లలోనూ పేరు పెట్టి పిలిచే మనిషి ఒకరు అప్పుడప్పుడైనా రావడం పింఛను డబ్బుతో కొలవగలిగేది కాదు.

అనుమానాలూ గట్టివే. ఎంపికలో పార్టీ పట్టు ఉందన్న విమర్శ మొదటి రోజు నుంచీ ఉంది. ఒక ఇంట్లో ఎవరికి ఏ పథకం వస్తోంది, ఎవరికి ఓటుంది, ఎవరు వలస పోయారన్న సమాచారమంతా 5,000 రూపాయల గౌరవ వేతనం మీద పనిచేసే యువకుడి ఫోన్లో ఉండటం చాలామందిని కలవరపెట్టింది. 2021 పురపాలక ఎన్నికలప్పుడు వలంటీర్లను ప్రక్రియకు దూరంగా ఉంచాలని అప్పటి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ ఆదేశించారు. అది హైకోర్టు దాకా వెళ్లింది.

ఇంకో అనుమానం గురించి తక్కువగా మాట్లాడుకున్నాం. అది వలంటీరు వైపు నుంచి వచ్చేది. చేసేది ఉద్యోగం, పిలిచేది సేవ. ఉద్యోగ భద్రత లేదు, పీఎఫ్ లేదు, పదోన్నతి లేదు. ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర బిరుదులు, నగదు బహుమతులు ఉండేవి. బిరుదు ఉన్నా నియామకానికి ఏడాదికోసారి పొడిగింపు కావాల్సిందే. ఆ పొడిగింపు ఎంత ముఖ్యమో చివర్లో గానీ అర్థం కాలేదు.

2024: తెగిన తీరు

సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ అనే సంస్థ ఫిర్యాదు చేసి, కోర్టుకు వెళ్లిన నేపథ్యంలో 2024 మార్చి 30న కేంద్ర ఎన్నికల సంఘం వలంటీర్ల ద్వారా నగదు పంపిణీ చేయించవద్దని, వారి ఫోన్లు, ట్యాబులు స్వాధీనం చేసుకోవాలని ఆదేశించింది. రెండు రోజుల్లో ఒకటో తారీఖు. ఏప్రిల్ పింఛనును చాలామందికి సచివాలయాల దగ్గర ఇచ్చారు. ఎండలో వెళ్లొచ్చిన వృద్ధులు కొందరు చనిపోయారన్న వార్తలు వచ్చాయి, పార్టీలు ఒకదాని మీద ఒకటి నింద వేసుకున్నాయి. మే నెలలో నాలుగింట మూడు వంతుల మందికి డబ్బు బ్యాంకు ఖాతాల్లో వేశారు. అప్పుడు వరుసలు సచివాలయం నుంచి బ్యాంకుకు మారాయి.

ఎన్నికల సంఘం ఆదేశం సరైనదా అన్నది వేరే చర్చ. ఆ రెండు నెలలు నేర్పిన పాఠం ఒకటుంది. ఒక్క మనిషి మీద మొత్తం భారం పెట్టిన వ్యవస్థలో ఆ మనిషిని తీసేస్తే పక్కన ఎవరూ ఉండరు. ఏ ఇంట్లో మంచం పట్టినవారున్నారో చెప్పే జాబితా వార్డు స్థాయిలో ఇంకెవరి దగ్గరైనా ఉండి ఉంటే, ఇంటికి తీసుకెళ్లి ఇవ్వవలసినవారిని వేరుచేయడం తేలికయ్యేది. కౌన్సిలర్ దగ్గర ఆ జాబితా ఉండాలన్న నియమం లేదు. చట్టం అతని దగ్గర ఉండాలని అడగలేదు.

చంద్రబాబునాయుడు నాయకత్వంలోని కూటమి ప్రభుత్వం వచ్చాక 2024 జులై 1న సచివాలయ ఉద్యోగులే ఇళ్లకు వెళ్లి పింఛను ఇచ్చారు. 3,000 నుంచి 4,000కు పెంచిన పింఛను, మూడు నెలల తేడా కలిపి 7,000 రూపాయలు. వలంటీరు లేకపోయినా పని ఆగలేదన్న మాటకు ఇది ఆధారమైంది. వలంటీర్లకు పదివేలు ఇస్తామన్న 2024 ఎన్నికల హామీ మాత్రం అమలు కాలేదు. 2023 ఆగస్టు తర్వాత వారి నియామకాన్ని పొడిగిస్తూ ఉత్తర్వే లేదని, లేని వ్యవస్థకు జీతం ఎలా ఇస్తామని ప్రభుత్వం చట్టసభలో చెప్పింది. ఆ తేదీ తర్వాత కూడా నెలల తరబడి వారే పింఛన్లు పంచారన్నది అందరూ చూసిందే. ఒక ప్రభుత్వం కాగితం రాయలేదు, మరో ప్రభుత్వం ఆ కాగితం లేదని చెప్పి పక్కకు తప్పుకుంది. మధ్యలో నష్టపోయింది వలంటీరు, ఆ వలంటీరు చూసుకునే ఇళ్లు.

2025: సర్దిన తీరు

2025 జనవరిలో సచివాలయాల పునర్వ్యవస్థీకరణ వచ్చింది. జనాభాను బట్టి మూడు తరగతులు చేశారు. 2,500 లోపు ఉంటే ఆరుగురు, 3,500 లోపు ఉంటే ఏడుగురు, ఆ పైన ఎనిమిది మంది. ప్రతి చోటా నలుగురు సాంకేతిక ఉద్యోగులు, మిగిలినవారు బహుళ ప్రయోజన ఉద్యోగులు. ఎక్కువ ఉన్నచోట మిగులును, తక్కువ ఉన్నచోట కొరతను సర్దడం ఉద్దేశం. ఆ నెల 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్ పాలన మొదలైంది, తొలి విడతలో 161 సేవలతో. మార్చి 30న, ఉగాది నాడు, పేద కుటుంబానికి స్థోమత ఉన్నవారు మార్గదర్శిగా నిలిచే పీ4 కార్యక్రమం వచ్చింది.

పాలన లెక్కల్లో ఈ సర్దుబాటుకు అర్థముంది. ఒకచోట పని లేక కూర్చున్న ఉద్యోగి, ఇంకోచోట మనిషే లేని కుర్చీ ఉండటం ఎవరికీ మంచిది కాదు. గడప వైపు నుంచి లెక్క వేస్తే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. 4,000 మంది ఉన్న సచివాలయ పరిధి అంటే ఇంటికి నలుగురి చొప్పున సుమారు వెయ్యి ఇళ్లు. పాత పద్ధతిలో ఆ వెయ్యి ఇళ్లకు పది నుంచి ఇరవై మంది వలంటీర్లు, వారికి తోడు ఉద్యోగులు. కొత్త పద్ధతిలో ఎనిమిది మంది. అందులో ఆఫీసు పని, సర్వేలు, పన్ను వసూళ్లు, పారిశుద్ధ్య తనిఖీ చేయవలసినవారిని తీసేస్తే, తీరిగ్గా ఇంట్లోకి వెళ్లి క్షేమం అడిగేవారు ఎందరు మిగులుతారు? 2025లో సచివాలయ ఉద్యోగుల సంఘాలు ఇంటింటి సర్వేల భారం మీద నిరసన తెలిపింది ఇందుకే. పోటీపరీక్ష రాసి వచ్చిన మమ్మల్ని వలంటీర్లుగా మార్చారన్న వారి బాధ న్యాయమైనదే. అయితే ఆ పని ఎవరో ఒకరు చేయాలన్నదీ అంతే నిజం.

వాట్సాప్ ఇక్కడ కొంత ఆదుకుంటుంది. కుల ధ్రువీకరణ, కరెంటు బిల్లు, పన్ను చెల్లింపు వంటివాటికి ఎవరూ గడప దగ్గరకు రానక్కర్లేదు. చదువుకున్న కొడుకు ఇంట్లో ఉంటే నిమిషాల్లో అవుతాయి. ఆ కొడుకు హొసూరులోనో బెంగళూరులోనో ఉంటే, ఇంట్లో ఉర్దూనో తమిళమో మాట్లాడే అవ్వ ఒంటరిగా ఉంటే, ఆ ఫోన్ ఆమెకు పనికిరాదు. సేవల్లో దరఖాస్తు పెట్టుకునేవి ఉంటాయి, పలకరించేవి ఉంటాయి. మొదటివి ఫోన్లోకి మారతాయి. రెండోవాటికి మనిషే కావాలి. పునర్వ్యవస్థీకరణ ఉత్తర్వు ఈ రెండింటినీ విడదీసి చూడలేదు.

మూడు పట్టణాలు, ఒకే వెలితి

ఈ మూడు ఊళ్లను పక్కపక్కన పెట్టి చూస్తే రాజకీయంగా ఇంత తేడా ఉన్నవి దొరకవు. పుంగనూరు పెద్దిరెడ్డి రామచంద్రారెడ్డి నియోజకవర్గం. గ్రామ సచివాలయాలు మొదలైనప్పుడు పంచాయతీరాజ్ మంత్రి ఆయనే. 2021లో ఆ పట్టణంలోని 31 వార్డులూ పోటీ లేకుండా వైఎస్సార్‌సీపీకి దక్కాయి. కుప్పం 1989 నుంచీ చంద్రబాబునాయుడు నియోజకవర్గం. 2021 నవంబరులో అక్కడి 25 వార్డుల్లో 19 వైఎస్సార్‌సీపీ గెలిచింది, 2025 ఏప్రిల్‌లో ఛైర్మన్ పదవి తెలుగుదేశం చేతికి వచ్చింది. 35 వార్డుల మదనపల్లె ఈ మూడింటిలో పెద్దది.

ఒక ఊళ్లో ప్రతిపక్షమే లేకుండా మొదలైన కౌన్సిల్, ఒక ఊళ్లో చేతులు మారిన కౌన్సిల్. అయినా వార్డు సేవల విషయంలో అన్నిటి స్థితీ ఒకటే. పోటీ లేకుండా గెలిచిన కౌన్సిలర్‌కూ, హోరాహోరీగా గెలిచిన కౌన్సిలర్‌కూ తన వార్డులో తిరిగే ఉద్యోగి మీద ఉన్న అధికారంలో తేడా లేదు. కుప్పంలో ప్రాంతీయాభివృద్ధి సంస్థ ఉంది, 2025 జనవరిలో విడుదలైన స్వర్ణ కుప్పం దార్శనిక పత్రం ఉంది, ముఖ్యమంత్రి శ్రద్ధ ఉంది. అవి ఊరికి మేలు చేయవచ్చు. వాటి మూలం పైనుంచే వస్తోంది తప్ప కౌన్సిల్ తీర్మానం నుంచి కాదు.

చట్టం ఏమంటోంది

74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పన్నెండో షెడ్యూలులో పురపాలక సంఘాలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. దివ్యాంగులతో సహా బలహీనవర్గాల ప్రయోజనాల పరిరక్షణ అందులో ఒకటి. వలంటీరు చేసిన పనిలో సగం ఈ ఒక్క అంశం కిందికే వస్తుంది. అయితే అధికరణం 243-డబ్ల్యూ ఆ అధికారాలను రాష్ట్ర శాసనసభ ఇవ్వవచ్చు అంది, ఇవ్వాలి అనలేదు. ఇంకా, వార్డు కమిటీలు తప్పనిసరి అని చెప్పే 243-ఎస్ మూడు లక్షలు, ఆ పైన జనాభా ఉన్న పట్టణాలకే వర్తిస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన మూడు పట్టణాల్లో ఏదీ ఆ గీత దాటలేదు. పెద్ద నగరవాసికి రాజ్యాంగం ఇచ్చిన వార్డు వేదిక పుంగనూరు వాసికి ఇవ్వలేదు.

పల్లెల్లో ఈ గొడవ కోర్టుకెక్కింది. 2021 మార్చిలో సచివాలయ ఉద్యోగుల మీద అధికారాలను వీఆర్వోకు కట్టబెడుతూ ఇచ్చిన జీవో 2ను హైకోర్టు నిలిపివేసింది. సర్పంచిని పక్కనపెట్టి సమాంతర పాలన నడపడం కుదరదన్నది ఆ వాదన సారం. పట్టణాల్లో కమిషనర్ చేతిలో అజమాయిషీ ఉండటంతో ఆ ప్రశ్న అంత పదునుగా రాలేదు. వార్డు ఉద్యోగి కమిషనర్‌కూ, తన సొంత శాఖకూ జవాబు చెప్పాలి. ఓటు వేయించుకున్న కౌన్సిలర్‌కు చెప్పాలన్న నియమం మాత్రం లేదు.

పొరుగు అనుభవాలు

కుప్పానికి సరిహద్దులోనే ఉన్న కృష్ణగిరి జిల్లాలో, సామనపల్లెలో, 2021 ఆగస్టు 5న తమిళనాడు ప్రభుత్వం ‘మక్కళై తేడి మరుత్తువం’ మొదలుపెట్టింది. బీపీ, షుగర్ మందులను ఇంటికే తీసుకొచ్చే మహిళలు అక్కడ స్వయం సహాయక సంఘాల నుంచి వస్తారు. పని పరిధి చిన్నది, స్పష్టమైనది. పింఛనూ రేషనూ ఓటరు జాబితా అన్నీ కలిపి ఒకరి మీద పెట్టలేదు.

కేరళలో 2008 నాటి పాలియేటివ్ కేర్ విధానం ఇంకో అడుగు ముందుకు వేసింది. మంచం పట్టినవారి ఇంటికి వెళ్లే నర్సుకు ఖర్చు స్థానిక సంస్థ ప్రణాళిక నిధుల్లోంచి వస్తుంది. బడ్జెట్‌లో ఆ పద్దు తగ్గితే కౌన్సిల్‌లోనే నిలదీయవచ్చు. తెలంగాణ 2019 పురపాలక చట్టం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు పెట్టమంది, ఒక్కొక్కదానిలో 15 మంది. వృద్ధులకు ఒక కమిటీ వేరుగా ఉంది.

జపాన్‌లో 1917లో ఒకయామాలో మొలకెత్తిన వ్యవస్థ ఇప్పటికీ నడుస్తోంది. మిన్‌సెయి-ఇన్ అనే సంక్షేమ కార్యకర్తలు సుమారు 2.3 లక్షల మంది. మన వలంటీర్ల సంఖ్యకు దగ్గరే. వారికి జీతం లేదు. పేరును స్థానిక కమిటీ సూచిస్తుంది, కేంద్రమంత్రి నియమిస్తారు, గడువు మూడేళ్లు. కొత్తవారు దొరకక వారికీ ఇబ్బందులున్నాయి. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా వారు మారరు. ఇంగ్లండులోని కెంట్ కౌంటీ 2002లో కమ్యూనిటీ వార్డెన్లను పెట్టింది. 2023లో పది లక్షల పౌండ్ల పొదుపు కోసం వారిని తగ్గించాలనుకున్నప్పుడు ముందు ప్రతిపాదనను జనం ముందు పెట్టి అభిప్రాయాలు అడిగింది. తగ్గింపు ఆగలేదు. కానీ ఎవరు తగ్గిస్తున్నారో, ఎందుకో, ఏ ఊరికి మనిషి ఉండడో జనానికి ముందే తెలిసింది. నిందించడానికి ఒక ముఖం దొరికింది.

చేయవలసినవి

ఇన్ని అనుభవాలు కలిపి చూస్తే వలంటీరు వ్యవస్థను యథాతథంగా తెచ్చినా, 2025 సర్దుబాటును యథాతథంగా కొనసాగించినా లోపం తీరదు. రెండూ ఒకే తప్పు మీద నిలబడ్డాయి. మొదటిదానిలో పార్టీ దగ్గరైంది, రెండోదానిలో మనిషి దూరమయ్యాడు. వార్డు మాత్రం రెండింటిలోనూ వినేచోటే ఉండిపోయింది.

నాలుగు పనులు ఈ మూడు పట్టణాల స్థాయిలోనే సాధ్యం. ఒకటి, ఒంటరిగా ఉన్నవారు, మంచం పట్టినవారు, తోడు లేని దివ్యాంగుల జాబితాను వార్డు సచివాలయం తయారుచేసి ఏటా నవీకరించాలి. ఎందరున్నారు, ఎందరిని కలిశారన్న సంఖ్యలు కౌన్సిల్ ముందుకు రావాలి, పేర్లు మాత్రం ఉద్యోగి దగ్గరే గోప్యంగా ఉండాలి. రెండు, వార్డులో ఇంటింటికీ తిరిగే మనిషిని మార్చే ఏ ఉత్తర్వు వచ్చినా అమలుకు ముందు కౌన్సిల్ అభిప్రాయం తీసుకోవాలి, పాతవారు కొత్తవారిని ఇళ్లకు పరిచయం చేసే గడువు ఉండాలి. 2024 ఏప్రిల్‌లో లేనిది ఆ గడువే. మూడు, పలకరింపు పనికి ఆశా, మెప్మా, అంగన్‌వాడీల్లో ఒకరిని వార్డుకు బాధ్యులుగా గుర్తించి, ఆ అదనపు పనికి వేతనం పురపాలక బడ్జెట్‌లో వేరే పద్దుగా చూపాలి. నాలుగు, మూడు లక్షల గీతతో సంబంధం లేకుండా వార్డు కమిటీలు పెట్టాలి. రాజ్యాంగం తప్పనిసరి చేయలేదే గాని వద్దని అనలేదు.

ఖర్చు ప్రశ్న వస్తుంది. చిన్న పురపాలక సంఘాల ఆదాయం జీతాలకూ నీటికీ చెత్తకూ చాలదన్నది వాస్తవం. అందుకే రాష్ట్ర నిధి లేకుండా ఇది నడవదు. నిధి రాష్ట్రానిదైనా నిర్ణయం ఊరిది కావచ్చని కేరళ చూపింది. పార్టీ రాజకీయం కౌన్సిల్‌లోనూ ఉంటుంది కదా అన్న అభ్యంతరమూ ఉంది. ఉంటుంది. కానీ కౌన్సిల్‌లో జరిగే పక్షపాతం మినిట్స్‌లో నమోదవుతుంది, తర్వాతి ఎన్నికలో దానికి జవాబు చెప్పాల్సి వస్తుంది. రాజధాని నుంచి వచ్చే జీవోకు అలాంటి జవాబుదారీతనం వార్డులో ఎక్కడా లేదు.

2021లో గెలిచిన కౌన్సిళ్ల ఐదేళ్ల కాలం 2026 వరకే. తర్వాత ఓటు అడగడానికి వచ్చేవారిని రోడ్డు గురించీ, కుళాయి గురించీ ఎటూ అడుగుతాం. మా వార్డులో ఒంటరిగా ఉన్నవారు ఎందరు, వారి తలుపు తట్టే బాధ్యత ఎవరిది, ఆ మనిషిని మారిస్తే మీరేం చేయగలరని కూడా అడగాలి. మా చేతిలో లేదన్నదే వారి జవాబైతే, దాన్ని చేతిలోకి తెచ్చుకోవడానికి కౌన్సిల్ తొలి సమావేశంలోనే తీర్మానం చేసి ప్రభుత్వానికి పంపుతారా అన్నది తర్వాతి ప్రశ్న. దానికి అవుననో కాదనో సూటిగా చెప్పగలిగే అభ్యర్థి ఏ పార్టీవాడైనా ఫరవాలేదు.